వెనక వచ్చే సైకిల్

వెనక్కి తిరిగి చూడకూడదు. ఇవాళ రాజకుమారి పాటిస్తున్న నియమం అదొక్కటే. మిగతావన్నీ అన్నం తిన్న దగ్గర్నుంచి ఒకటొకటిగా తప్పుతూనే వస్తోంది. మొగుడు పోయి ఏడాది నిండకుండా ఆడది ఊళ్ళు పట్టుకు తిరక్కూడదన్నారు, తిరుగుతోంది. రేపు సంవత్సరీకం పెట్టుకుని ఇవాళ ఇంటిపట్టున కూర్చుని గారెలకి మినప్పప్పు బాగుచేసుకోవాలన్నారు, మినప్పప్పు డబ్బాలో హాయిగా పడుకుని ఉంది. కొడుకుతో అబద్ధం ఆడకూడదని ప్రత్యేకించి ఎవరూ చెప్పలేదు గానీ అదీ ఆడింది, అరటాకులకి వెళ్ళొస్తానని; ఆకులు లంబాలైన్‌లో ఇంటికి నాలుగడుగుల్లోనే, విమానాశ్రయం గోడవారనే అమ్ముతారని తెలిసీ, వాటికోసం చాథం జెట్టీ దాకా సైకిల్ తొక్కి, ఫెర్రీ ఎక్కి, సముద్రప్పాయ దాటి, బంబూఫ్లాట్‌లో దిగి, ఇప్పుడు మీఠాఖాడీ వైపు ఖాడీని, నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రాన్ని, ఒరుసుకుంటూ పోయే రోడ్డు మీద తొక్కుతూనే ఉంది. యాభై నాలుగేళ్ళ మనిషి, ఒంటిమీద చుడీదార్, తలకి తువ్వాలు, ముందు బుట్టలో నీళ్ళసీసా, ఆకులు కోసే చాకు. అబద్ధానికైనా సాక్ష్యం ఉండాలి కదా. ఎండ కాస్తోంది. ఇంతకుముందు వాన పడింది, దానికి ముందు ఎండ, దానికి ముందు ఫెర్రీలో ఉండగా ఏదీ తేల్చుకోలేని ఒక బూడిదరంగు. వెనకనుంచి చప్పుడు వస్తోంది. కిర్రు, కిర్రు, టక్. కిర్రు, కిర్రు, టక్.

అది మాస్టారి సైకిల్. చైన్‌కవరు సొట్టపడి, పెడల్ తిరిగినప్పుడల్లా గొలుసు దానికి రాసుకుంటూ, రెండు చుట్లకోసారి టక్కుమని తగిలే సైకిల్ ఈ అండమాన్ దీవిలో అదొక్కటే. బాగుచేయించండి, కనీసం నూనైనా వేయించండి అని తను ఎన్నిసార్లన్నా, "చప్పుడుంటేనే మంచిదోయ్, నేను వస్తున్నట్టు నీకు తెలుస్తుంది" అనేవారు. ఆమె మొగుడు వెంకటాచలం మాస్టారు పోయిన కార్తీకంలో చనిపోయారు. ఆ సైకిల్ ఇప్పుడు ఇంటి వరండాలో గోడకానించి, తాళం వేసి ఉంది. తాళం తనే వేసింది, తాళంచెవి జేబులోనే ఉంది, ఫెర్రీలో రెండుసార్లు తడిమి చూసుకుంది కూడా. అయినా చప్పుడు వస్తోంది, నెలల తరబడి తను సైకిలెక్కినప్పుడల్లా వస్తోంది, రేపటినుంచి మాత్రం రాదు. రేపు పంతులుగారు పిండం పెట్టించి, "అమ్మా, ఇక ఆయన పెద్దల్లో కలిశారు" అంటారు. అంతవరకూ దారిలో ఉన్న మనిషి చేరిపోతాడు. చేరిపోయినవాడికి సైకిల్ తొక్కాల్సిన ఖర్మేమిటి. అందుకని మిగిలిన ఈ ఒక్క పూటలో, ఆయన ఎన్నో ఆదివారాలు అనుకుని, అనుకుని, వెళ్ళలేకపోయిన మీఠాఖాడీ దాకా ఆయన్ని తీసుకెళ్ళి మళ్ళీ ఇంటికి తెచ్చెయ్యాలి. అంతే కావాలామెకి. మాట్లాడక్కర్లేదు, కనిపించక్కర్లేదు, పోనూ రానూ ఆ చప్పుడు తెగకుండా ఉంటే చాలు.

మాస్టారికి రిటైరయ్యాక పట్టుకుందా సైకిల్ పిచ్చి. షుగరుంది నడవండి అన్నాడు డాక్టరు. నడక ప్రతివాడూ చేసేదే, మాస్టారికి ఆనలేదు. ఫోన్లో ఎక్కడ తగిలారో ఎవరో తెల్లవాళ్ళ ముసలి జంట, ఎర్ర రెయిన్‌కోట్లు, పొద్దున్న డాన్యూబ్ నది ఒడ్డున సైకిలెక్కితే ఆ నదిపక్కనే, ఆపైన ఏదో కాలవపక్కనే, ఊరూరూ దాటుకుంటూ, వాన వస్తే వంతెన కింద ఆగి రొట్టె తిని, ఎండ వస్తే కోట్లు విప్పి, మళ్ళీ వాన, మళ్ళీ కోట్లు. వాళ్ళ భాష ఒక్క ముక్క అర్థం కాకపోయినా మాస్టారు రోజూ టిఫినయ్యాక ఆ వీడియోలు గురుభక్తితో చూసేవారు. "చూశావా రాజీ, అక్కడ నదిపక్కన సైకిళ్ళకే వేరే రోడ్డు" అనేవారు. "ఇక్కడ మనుషులకే సరిగ్గా లేదు" అనేది తను పచ్చడి నూరుకుంటూ. "మనకి మాత్రం నీళ్ళు తక్కువా? ఎటు తిరిగినా ఖాడీయే. మీ మీఠాఖాడీ మన డాన్యూబ్" అని ఒకరోజు తేల్చేశారు, మర్నాడే రెండు సైకిళ్ళు, పాతవి, గోల్ ఘర్ బజారు నుంచి ఆటోమీద వేయించుకుని వచ్చారు. ఆమెకి సైకిల్ పుట్టుకతో వచ్చినంత తేలిక, వాళ్ళ నాన్న యర్రయ్య సైకిల్ మీద అడ్డతొక్కుడు తొక్కుతూనే పెరిగింది. మాస్టారే, ముప్పై ఏళ్ళు పిల్లలకి చలనసూత్రాలు చెప్పి, తను మాత్రం చలిస్తే పడిపోయేవారు. అందుకని ఎప్పుడూ ఆమె ముందు, ఆయన వెనక. అడిగినవాళ్ళతో మాత్రం, "ఆవిడని కనిపెట్టుకుని ఉండాలి కదండీ" అనేవారు.

రోడ్డు కుడిపక్క కొండ, ఎడమపక్క ఖాడీ. ఆటుపోట్లలో ఇది ఆటు, నీళ్ళు వెనక్కి తీసి మడచెట్ల వేళ్ళన్నీ బయటపడ్డాయి, బురదలో ఎవరో వేలకొద్దీ పుల్లలు గుచ్చి లెక్క మరచిపోయి వెళ్ళినట్టు. మొసళ్ళున్నాయి జాగ్రత్త అని హిందీలో బోర్డు, దానిమీద నోరు తెరిచిన మొసలి బొమ్మ, బొమ్మకి ఎవరో తుంటరి మీసాలు గీశాడు. డాన్యూబ్‌లో మొసళ్ళుంటాయేమిటండీ అని తను అడిగితే, "ప్రతి నదికీ ఒక లోటుంటుంది" అన్నారాయన, ఎంతో హుందాగా, ఇంట్లో సోఫాలో కూర్చుని. ఈత రాదాయనకి. ముప్పై ఏళ్ళు దీవుల్లో ఉద్యోగం చేసి, చుట్టూ సముద్రం పెట్టుకుని, ఫెర్రీ ఎక్కితే నడిమధ్య స్తంభం పట్టుకుని నిలబడేవారు. కిర్రు, కిర్రు, టక్. వస్తున్నారు. కొండమీంచి వాననీళ్ళు రోడ్డుకడ్డంగా సన్నగా పారుతున్నాయి, ఆమె చక్రం వాటిమీంచి పోతే జివ్వుమంది, కాసేపాగి వెనక ఇంకో జివ్వు. ఆమె ఒళ్ళు ఝల్లుమంది. ఝల్లుమనడం అలవాటైపోయింది, ఏడాదిలో దేనికైనా అలవాటు పడతాం, ఝల్లుమంటూనే బ్రేకు మీద చెయ్యి వదులు చేసుకుని, ఆయన అందుకునేటట్టు నెమ్మదిగా తొక్కింది.

ఇక్కడికొచ్చేసరికి ఎడమపక్కకి చూపు తిప్పడమూ అలవాటే. ఆ నీళ్ళకింద ఆమె పుట్టిల్లుంది. నీటిపక్కన కాదు, కిందే. సునామీ వచ్చిన పొద్దున్న సముద్రం వచ్చి వెళ్ళిపోతుందనుకున్నారు, వచ్చింది వచ్చినట్టే కూర్చుంది. నేలే దిగిపోయిందని తరవాత ఎవరో ఆఫీసర్లు వచ్చి చెప్పారు. నాన్న వరి పండించిన మడి మీద ఇప్పుడు చేపలు పండుతున్నాయి. ఎండిన కొబ్బరి మొండేలు నాలుగు, తలల్లేకుండా, నీళ్ళలో నడుముదాకా మునిగి నిలబడ్డాయి, పిలిస్తే ఇటు తిరుగుతాయేమో అన్నట్టు. నాన్న పోయేదాకా రోజూ ఈ రోడ్డు మీదికొచ్చి చుట్ట కాల్చుకుంటూ ఆ నీళ్ళకేసి చూసేవాడు, పక్కింటివాడి పొలానికేసి చూసినట్టు. "ఏం చూస్తావు నాన్నా" అంటే, "గట్టు తెగిందేటో అని" అనేవాడు. నాన్నకి పిండాలు పెట్టారు, చేరాడు, కనపడలేదు, వినపడలేదు. సిక్కోలు వైపునించి వచ్చిన మనిషి, వెళ్ళేటప్పుడూ ఎవర్నీ ఇబ్బంది పెట్టడు. మాస్టారు అలా కాదు, బజారుకి వెళ్ళేటప్పుడే సంచీ అని ఒకసారి, జోడని ఒకసారి, కళ్ళజోడని ఒకసారి, మూడుసార్లు వెనక్కొచ్చే మనిషి.

పోవడం కూడా అలాగే, ఏదో మరిచిపోయి వెనక్కొస్తారన్నట్టే పోయారు. ప్రతి ఆదివారం పొద్దున్నే వరండాలో నిలబడి ఆకాశం చూడడం, "వానొచ్చేలా ఉందే రాజీ, వచ్చే ఆదివారం చూద్దాం" అనడం. ఇక్కడ వానొచ్చేలా ఉండని రోజేది. ఆ గురువారం మాత్రం, "రానీ వాన, ఈ ఆదివారం ఖాయం. ఫెర్రీ టైము కూడా కనుక్కున్నాను" అన్నారు. అని, పంపు తీసి వెనక టైరుకి గాలి కొడుతూ కొడుతూ మెట్టుమీద కూర్చుండిపోయారు. తను లోపల్నుంచి, "అంత గాలి కొట్టకండి, పేలుతుంది" అని కేకేసింది. బయటికొచ్చి చూస్తే ఆయనలో ఊపిరి లేదు. టైరు నిండుగానే ఉంది. పదో రోజునో పదకొండో రోజునో పంతులుగారు గరుడపురాణం చదివితే ఆమె ఫెర్రీ టైంటేబుల్ విన్నంత శ్రద్ధగా విన్నది. ఏడాదిపాటు నడకట. ఎండ, ముళ్ళు, కాలే ఇసక, చివర్న వైతరణి. నెలనెలా ఇక్కడ పెట్టే పిండమే దారిబత్తెం. అందుకే చెప్పులు దానం, గొడుగు దానం, చెంబు దానం. "పంతులుగారూ, సైకిల్ దానం ఇవ్వచ్చా?" అనడిగింది. ఆయన పుస్తకంలోంచి తలెత్తి, ఆమె ఏడుపులో ఉందా వేళాకోళంలో ఉందా అని చూశారు. రెండూ ఉన్నాయి. "వాహనం చెప్పలేదమ్మా శాస్త్రం. గోవుంది. దాని తోక పట్టుకుని నది దాటుతారు" అన్నారు. "మా వారికి ఆవంటే భయమండీ" అంది రాజకుమారి. కొడుకు ప్రవీణ్‌కుమార్, "అమ్మా, ప్లీజ్" అన్నాడు.

రెండో నెలలో మొదటిసారి వినపడింది. విమానాశ్రయం గోడపక్కనించి కూరలకి వెళ్తోంది, సైకిలెక్కగానే, కిర్రు, కిర్రు, టక్. చటుక్కున వెనక్కి తిరిగింది. ఖాళీ రోడ్డు, ఒక కుక్క. తిరిగిందో లేదో చప్పుడాగిపోయింది, మూడో మాసికం పెట్టేదాకా మళ్ళీ వినపడలేదు. ఆ రోజులే ఆమెకి అసలు పోయిన రోజులు. మళ్ళీ వినపడ్డాక ఇక తిరగలేదు. కాష్టానికి నిప్పు పెట్టి వచ్చేటప్పుడు వెనక్కి చూడొద్దని ప్రవీణ్‌తో అన్నారుగా పెద్దలు, ఎందుకో అప్పుడు చెప్పలేదు, తను కనుక్కుంది. అయినా చదువుకున్న మనిషి, బి.ఎస్సీ., తన చైనే చప్పుడు చేస్తోందేమోనని గోల్ ఘర్ తీసుకెళ్ళి సైకిలంతా విప్పించి, కడిగించి, నూనె పోయించింది. "దీదీ, బిల్కుల్ మక్ఖన్ లాగుంది, ఒక్క ఆవాజ్ రాదు" అన్నాడు షాపువాడు. అక్కడినుంచి ఇంటిదాకా ఆమె సైకిల్ వెన్నలాగే వచ్చింది. వెనకదే, ఎప్పట్లాగే.

ఇవాళ ఫెర్రీలో ఏం చేస్తారో అని భయపడింది. నీళ్ళు కదా. చాథం జెట్టీలో టిక్కెట్లిచ్చే ఉమేష్ తమ ప్రవీణ్‌తో చదివినవాడే, మాస్టారి దగ్గర గోడకుర్చీ వేసినవాడు. "నమస్తే ఆంటీ, అకేలీ, ఒక్కరేనా? ఎక్కడికి?" అన్నాడు. "అరటాకులకి." "అరటాకులకి బంబూఫ్లాటా?" "అక్కడివి పచ్చగా ఉంటాయి. రెండు టిక్కెట్లివ్వు." "రెండెందుకు ఆంటీ?" ఆమె ఏమనాలో ఆలోచించేలోపే నోరు దానంతటదే, "రానూ పోనూ" అంది. "వాపసీకి అక్కడే తీసుకోవాలి, మీకు తెలీదా" అన్నాడు. తెలుసు, పుట్టినప్పటినుంచీ దాటుతున్న పాయ. అయినా చెయ్యి చాపే ఉంచింది. వాడు ఒక్క క్షణం ఆమె భుజంమీంచి వెనక్కి చూశాడు, తనకి చూడ్డానికి వీల్లేని వైపు, చూసి, రెండు చింపి ఇచ్చాడు. వాడేం చూశాడో అడగలేదు. ఫెర్రీలో లారీకీ జీపుకీ మధ్య నిలబడి, నడిమి స్తంభం దగ్గర చోటు ఖాళీగా వదిలింది. ఒక లావుపాటాయన వచ్చి అక్కడ నిలబడబోతే, "ఉధర్ మత్ ఖడా హోనా భయ్యా, గ్రీసుంది" అంది. పాపం, ఆయన ప్యాంటు దులుపుకుంటూ వెళ్ళాడు.

బుట్టలో ఫోను మోగింది. కొడుకు. ఒక కాలు నేలకానించి నిలబడింది. వెనకా ఆగింది.

"అమ్మా, కిధర్ హో నువ్వు? ఆకులకెళ్ళి గంటలైంది."

"చూస్తున్నాన్రా. చిరుగుల్లేనివి దొరకద్దూ."

"వెనక గాలి చప్పుడేంటి? సముందర్ పక్కనున్నావా? పంతులుగారు ఫోన్ చేశారు, కల్ పొద్దున్నే వచ్చేస్తారంట. అత్తయ్య కాకినాడనుంచి ఒకటే గొడవ, తిథి ఇవాళే, మీ పంతులుకి ఏం తెలుసని. నువ్వే మాట్లాడు ఆవిడతో, నావల్ల కాదు."

"సరే."

"చీకటి పడకముందే వచ్చెయ్. నాన్నలాగా చెయ్యకు."

నాన్నలాగా చెయ్యడమంటే, నాలుగున్నరకి "ఇంకా బోలెడు పొద్దుంది" అని బయల్దేరి, ఐదుంబావుకి చీకట్లో గోడలు తడుముకుంటూ రావడం. ఈ దీవుల్లో సూర్యుడు పెందరాళే లేచి, పెందరాళే కొట్టు కట్టేస్తాడు. కార్తీకంలోనైతే ఐదింటికే దీపాలు. తను ఇక్కడ పుట్టింది కాబట్టి ఎండ వాలుని బట్టే టైము చెబుతుంది. మాస్టారికి ముప్పై ఏళ్ళైనా ఒంటబట్టలేదు. సాయంత్రమంటే ఆరు, ఆరంటే వెలుతురు, అది గోదావరి ఒడ్డున చిన్నప్పుడు కుదిరిన లెక్క, దాన్ని అండమాన్ సూర్యుడొచ్చి మార్చడానికి వీల్లేదు. తిథి దగ్గర వచ్చిన పేచీ కూడా ఇదే. పంచాంగం రాజమండ్రిలో అచ్చవుతుంది, అందులో సూర్యుడు గోదావరి మీద లేస్తాడు. మాస్టారి తిథి ఇవాళ మధ్యాహ్నం ఆలస్యంగా మొదలై రేపు మధ్యాహ్నం తొందరగా వెళ్ళిపోతుంది. పితృకార్యానికి మధ్యాహ్నం దాటిన వేళ ముఖ్యం. అక్కడి పొద్దు ప్రకారం ఆ వేళకి తిథి ఇవాళే దొరుకుతుంది, ఇక్కడి పొద్దు ముందు నడుస్తుంది కాబట్టి రేపు దొరుకుతుంది. పంతులుగారు దీవుల్లో పుట్టినవాడు, కాగితంమీద కూడికలు తీసివేతలు వేసి, "మన సూర్యుడి ప్రకారం రేపేనమ్మా" అన్నారు. ఆడపడుచు శారదాదేవి వదినగారు, "సూర్యుడు కూడా మనదీ మీదీనా, విడ్డూరం" అన్నారు. రాజకుమారికి మాత్రం ఆ విడ్డూరం దేవుడిచ్చినట్టనిపించింది. అక్కడి లెక్కకీ ఇక్కడి లెక్కకీ మధ్య ఎవరిదీ కాని ఒక్క పూట మిగిలింది. ఎవరూ పట్టించుకోని పూట. దాన్ని కొంగున ముడేసుకుని బయటపడింది.

మళ్ళీ తొక్కింది. కిర్రు, కిర్రు, టక్. అలిసిపోయినట్టున్నారు, కొంచెం దూరంగా వినపడుతోంది. ఖాడీ మీద ఎండ ఉన్నట్టుండి పసుపు రంగుకి తిరిగింది, ఎదురుకొండ నల్లబడింది, ఈ రెండూ ఒకేసారి జరిగితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. నీళ్ళమీద వాన నడిచి రావడం కనపడుతోంది, ముందు అవతలి ఒడ్డు పోయింది, తరవాత మొండి కొబ్బరిచెట్లు ఒకటి, రెండు, మూడు, నాలుగోది కాసేపు ఉండి, అదీ పోయింది. చినుకు కూడా చినుకులా కాదు, మొదటినుంచే కుండపోత. పక్కనే బస్సులకోసం రేకు వేసిన షెడ్డు ఉంటే సైకిల్ నడిపించుకుంటూ దూరింది. బెంచీమీద కూర్చుంది, గోడవైపు తిరిగి, వెనక ఆయనకి చోటుంచి. రేకుమీద వాన చప్పుడులో ఇంకేదీ వినపడలేదు. ఉన్నారా. ముసలి తెల్లాయన వంతెన కింద ఆగితే ఆవిడ రొట్టె తీసి చెరిసగం చేసి ఇచ్చేది, తనేం తెచ్చింది, చాకు తెచ్చింది, అరటాకు కోయడానికి, రేపాయనకి విస్తరి వెయ్యడానికి. నీళ్ళసీసా మూత తీసి, తాగి, మూత పెట్టకుండా పక్కన పెట్టింది. పెట్టి, తన తెలివికి తనే నవ్వుకుంది. ప్రవీణ్ చూస్తే, అమ్మా ప్లీజ్, అంటాడు. ఏడాదిలో ఒక్కసారి కూడా మాట్లాడించలేదాయన్ని. మాట్లాడిస్తే చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, గాలి కొట్టకండి అన్నదే చివరిమాట అయిపోయింది, అంతకంటే మంచిమాట ఒక్కటైనా అని ఉండాల్సింది, కానీ ముప్పై ఏళ్ళ కాపురంలో ఏ మాట చివరిదని ఎవరు గుర్తుపెట్టి మాట్లాడతారు.

ఫోను మళ్ళీ మోగింది. వదినగారు.

"అమ్మాయ్, రాజకుమారీ! వినపడుతోందా? ఏమిటా హోరు?"

"వాన వదినగారూ. చెప్పండి."

"చెప్పేదేముంది, మీరెలాగూ వినరు. మీరు రేపు పెట్టుకుంటే పెట్టుకోండి, మాకు మాత్రం తిథి తప్పకూడదు. మా చిన్నవాడు ఇప్పుడే తర్పణం వదిలి స్వయంపాకం ఇచ్చాడు. గోదావరికి కూడా వెళ్ళొచ్చాడు పాపం. తమ్ముడికి ఇష్టమని కంద కూడా పెట్టాం." ఆవిడ ముక్కు చీదుకున్నారు. "వెళ్ళి రా నాయనా అని దణ్ణం పెట్టుకున్నానే. వాడికి పెద్దక్కని, నా నోటితో అనాల్సొచ్చింది."

"ఇప్పుడేనా?"

"ఇదిగో, ఈ నిమిషమే. ఆకు ఇంకా తియ్యలేదు."

రాజకుమారి ఫోను పెట్టేసింది. తప్పు లెక్క వేసింది తను. పంతులుగారు కాదు, తనే. రేపటిదాకా ఉంది కదా అనుకుంది, ఈ నేలమీద పుట్టిన మనిషి కాబట్టి ఈ సూర్యుణ్ణి నమ్ముకుంది. మాస్టారు ఏనాడు ఈ సూర్యుడి మాట విన్నారు. ముప్పై ఏళ్ళు ఇక్కడ బతికి, ఇక్కడే పోయి, ఒక్క సాయంత్రం కూడా ఇక్కడి టైముకి ఇల్లు చేరని మనిషి, వెళ్ళేటప్పుడు మాత్రం ఇక్కడి లెక్క ప్రకారం వెళ్తారా? అక్కడ గోదావరిలో నీళ్ళు వదిలారు. అక్క పిలిచింది. కంద కూడా పెట్టింది. ఎవరిదీ కాని పూట అనుకుని తను ముడేసుకుంది ఆయన బయల్దేరే పూటని.

వాన తగ్గలేదు గానీ లేచింది. షెడ్డులో కూర్చుంటే వినపడదు, రోడ్డు మీదైతే వినపడుతుందేమో. సైకిలెక్కింది. కళ్ళలోకి నీళ్ళు, ముందు రోడ్డు తెల్లగా, అంచు తెలీకుండా ఖాడీలో కలిసిపోతోంది. కొంతదూరం ఏమీ లేదు. తన చక్రాలు, తన ఊపిరి. మీఠాఖాడీ ఇంకా ఎంతో దూరం లేదు, తీసుకురాలేకపోయానే, ఇంత దగ్గరకి వచ్చి. అప్పుడు వినపడింది. కిర్రు, కిర్రు, టక్. దూరంగా కాదు. దగ్గరగా, ఎప్పుడూ లేనంత దగ్గరగా, ఎప్పుడూ లేనంత వేగంగా, ఆ మనిషికి అంత జోరు ఎక్కణ్ణించి వచ్చిందో, వెనకచక్రం దాకా వచ్చింది, తన భుజం దాకా వచ్చింది, కుడిపక్కన, చెయ్యి చాపితే తగిలేంత పక్కన. రాజకుమారి మెడ బిగబట్టి ముందుకే చూసింది. పక్కకి చూడకూడదని నియమమేమీ లేదు, అయినా చూడలేదు. చప్పుడు ఆమెని దాటింది. దాటి ముందుకి వెళ్ళింది.

ఆయన ఎప్పుడూ ముందుకి వెళ్ళలేదు. దారి తెలీదాయనకి. ఆమె ఒక్కసారిగా బ్రేకు వేసి, దిగిపోయింది. ఉద్యోగంలో చేరడానికి దీవికి వచ్చిన మొదటిరోజే, బంబూఫ్లాట్‌లో దిగి, స్కూలెటో తెలీక, ఎవరినీ అడగలేక, ముందు సైకిల్ మీద పోతున్న ఒక పిల్ల వెనక ట్రంకుపెట్టె మోసుకుంటూ నడిచి నడిచి, స్కూలుకి బదులు యర్రయ్య కళ్ళంలోకి వచ్చి నిలబడ్డ మనిషి. "ఎవరు బాబూ నువ్వు?" అని నాన్న అంటే, "ఈ అమ్మాయి స్కూలుకి వెళ్తోందనుకున్నానండీ" అన్నాడు చెమటలు కక్కుతూ. తను నవ్వి పరిగెత్తింది. ఆ తరవాత ముప్పై ఏళ్ళూ అలాగే వచ్చాడు వెనకే, ఎక్కడికి వెళ్తున్నామని కూడా అడక్కుండా. ఇప్పుడు ముందు ఎవరున్నారు ఆయనకి.

తెల్లటి వానలో చప్పుడు దూరమవుతోంది. ఒక్కసారి బండెక్కి పట్టుకుందామా అనిపించింది, తను తొక్కితే అందుకోలేకపోదు, ముందుకెళ్ళి మళ్ళీ వెనకేసుకోవచ్చు. పెడల్ మీద పెట్టిన కాలు తీసేసింది. రెండు చేతులూ నోటిదగ్గర దొన్నెలా పెట్టుకుని, ఏడాదిగా మాట్లాడని మనిషి, రోడ్డు మధ్య నిలబడి, కేకేసింది.

"మెల్లిగా వెళ్ళండి, జారుతుంది! బ్రేకు ఒక్కసారే నొక్కకండి!"

కిర్రు, కిర్రు.

"నీళ్ళొస్తే భయపడకండి! దిగి, సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళండి, మధ్యలో ఆగద్దు! ఎడమచేతి వైపు ఒరక్కండి, ఎడమ వైపంతా లోతు!"

ఎదురుగా వస్తున్న జీపువాడు లైట్లు వేసి, వేగం తగ్గించి, తడిసి ముద్దయిన ఒక ఆంటీ ఖాళీ రోడ్డుకి దారి చెబుతుంటే చూసి, పక్కకి తప్పించుకుని వెళ్ళిపోయాడు. అతనికేసి చెయ్యి ఊపింది, పరవాలేదన్నట్టు. ఇంకా వినపడుతోంది, సన్నగా. టక్. చాలాసేపటికి మళ్ళీ టక్. గొంతు ఎంత పెంచాలో అంతా పెంచింది.

"తెలీకపోతే ఎవరినైనా అడగండి, మాస్టారూ! సిగ్గుపడకండి! అడిగితే చెబుతారు!"